మా పిల్లల బడిలో నీళ్లు, బాత్రూములు – ఐదేళ్ల నా అనుభవం

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, బడి నుంచి రాగానే నీళ్ల సీసా తీసి వంటగట్టు మీద పెట్టేది. పొద్దున నేను నింపి పంపిన లీటరు సీసా. చేతిలోకి తీసుకుంటే బరువుగానే ఉండేది. రెండు గుక్కలు తాగితే ఎక్కువ. ఆటల్లో పడి మర్చిపోయిందేమో అనుకుని ఆ నీళ్లు తులసి మొక్కకు పోసేదాన్ని. అట్టా ఎన్ని నెలలు పోశానో నాకే తెలియదు.

2019 ఆగస్టులో దానికి జ్వరం, మూత్రంలో మంట వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేయించి, మందులు రాసి, "నీళ్లు బాగా తాగాలి, ఆపుకోకూడదు" అని చెప్పింది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాను, బడిలో నీళ్లెందుకు తాగడం లేదని. తల వంచుకుని చెప్పింది: "తాగితే పోవాల్సొస్తది కదమ్మా. అక్కడికి ఎట్టా పొమ్మంటావు?"

మర్నాడు మిషను పని పక్కన పెట్టి బడికి వెళ్లాను. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, డ్వాక్రా గ్రూపులో రెండో లీడరుని. అప్పటిదాకా హైస్కూలుకు వెళ్లింది ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికే. తరగతి గదుల వెనక, చిల్లచెట్ల పక్కన ఆడపిల్లలకని నాలుగు గదులున్నాయి. పాత కట్టడమేమీ కాదు, గోడ మీద రాసిన నినాదం రంగు ఇంకా పోలేదు. ఒకదానికి తాళం వేసి ఉంది, అది టీచర్లది. ఒకదాని రేకు తలుపు కింది సగం తుప్పు పట్టి ఊడిపోయింది. మిగతా రెంటిలో బేసిన్ల నిండా ఎండుటాకులు. కుళాయిలు బిగించారు, పైన ప్లాస్టిక్ ట్యాంకు కూడా పెట్టారు. బోరు నుంచి ఆ ట్యాంకుకు పైపు మాత్రం వేయలేదు. లోపలికి వెళ్లాలంటే చేతిపంపు దగ్గర బకెట్టు నింపుకుని, మగపిల్లలు ఆడుకునే గ్రౌండు మధ్యలోంచి మోసుకుపోవాలి. పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఆ పని చేస్తుందా? నూట నలభై మంది ఆడపిల్లలు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా దాహాన్ని ఆపుకుంటున్నారు. నా కూతురు ఒక్కతే కాదు.

ఇది మా ఊరి సంగతే కాదని తర్వాత తెలిసింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ఏడాదిలో ప్రతి బడికీ మరుగుదొడ్లు, ఆడపిల్లలకు విడిగా అని ప్రకటించాక దేశమంతా లక్షల గదులు లేచాయి. వాటిలో ప్రభుత్వరంగ సంస్థలు కట్టించిన వాటిని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంస్థ 15 రాష్ట్రాల్లో తనిఖీ చేసి 2020లో నివేదిక ఇస్తే, చూసిన వాటిలో 72 శాతం గదుల్లో నీటి వసతి లేదని తేలింది. మా సైన్సు సారు అది పేపర్లో చదివి వినిపించినప్పుడు నాకు ఆ ఎండుటాకుల బేసిన్లే కళ్లముందు మెదిలాయి.

2019 సెప్టెంబరులోనే తల్లిదండ్రుల కమిటీలకు ఎన్నికలు పెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అదే చట్టంలో ఆడపిల్లలకు, మగపిల్లలకు విడి మరుగుదొడ్లు, అందరికీ మంచినీళ్లు ఉండాలని కూడా ఉంది. ఈ మాట హెడ్‌మాస్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు. చెయ్యెత్తే పద్ధతిలో ఎన్నిక జరిగింది. ఎనిమిదో తరగతి తరఫున నేను నిలబడ్డాను. ఎవరూ పోటీకి రాలేదు.

రెండు నెలలకు, నవంబరు 14న, ఒంగోలులో ప్రభుత్వ బళ్లను బాగుచేసే 'మన బడి నాడు–నేడు' పథకం మొదలైంది. మొదటి విడతలో రాష్ట్రం మొత్తం మీద 15,715 బళ్లు తీసుకున్నారు. మా బడి పేరూ అందులో వచ్చింది. చేయాల్సిన తొమ్మిది రకాల పనుల్లో మొదటిది నీటి సౌకర్యంతో కూడిన మరుగుదొడ్లు. ఇంకా తాగునీరు, కరెంటు, బెంచీలు, రంగులు, ప్రహరీ. అన్నిటికంటే నాకు నచ్చింది పనిని కాంట్రాక్టరుకు కాకుండా తల్లిదండ్రుల కమిటీకి అప్పగించడం. హెడ్‌మాస్టరు, మా ఛైర్మను, సభ్యుల్లో కొందరు, గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు కలిసి బ్యాంకులో జాయింట్ అకౌంటు తెరిచాం. చెక్కు మీద నా సంతకం కూడా ఉండాలన్నారు. బ్యాంకు నుంచి ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనెరిగిన లెక్క గ్రూపు పొదుపు లెక్క. ఇక్కడ లక్షలు. ఎక్కడ తేడా వచ్చినా ఊళ్లో తలెత్తుకోలేం అని టెన్షను. మా ఆయన ఒకటే మాట అన్నాడు: "నువ్వు చూడని బిల్లు మీద సంతకం పెట్టబాక." ఆ మాటే ఐదేళ్లూ పట్టుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు మేం చేసిన మంచి పని ఒకటుంది. ఒక శనివారం మధ్యాహ్నం మగవాళ్లెవరూ లేకుండా, కమిటీలోని ఆడవాళ్లం, తెలుగు టీచరమ్మ కలిసి ఆడపిల్లలను కూర్చోబెట్టి అడిగాం, మీకు ఎట్టాంటి బాత్రూము కావాలి అని. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తలా ఒక కాగితం ఇచ్చి పేరు రాయకుండా రాయమన్నాం. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. టైల్స్ కావాలని ఎవరూ రాయలేదు. లోపల గడియ కావాలని దాదాపు అందరూ రాశారు. వెంటిలేటరు ఎత్తులో ఉండాలి, మగపిల్లలు ఎగిరి చూస్తున్నారు అని కొందరు. "చున్నీ తగిలించుకోవడానికి చిలక్కొయ్య" అని ఒకరు. ఒక కాగితంలో పెన్సిలుతో చిన్న అక్షరాలు: "మూత ఉన్న డబ్బా. అందరికీ కనపడేట్టు పట్టుకుపోలేం." అది చదివి మేం ముగ్గురం కాసేపు మాట్లాడలేకపోయాం. వాటిలో ఏదీ ఎస్టిమేట్‌లో లేదు. ఖర్చు కూడా పెద్దది కాదు. తలుపుకు ఒక గడియ, గోడకు ఒక కొయ్య, గదికో మూత డబ్బా. ఇంజినీరింగ్ అసిస్టెంటు కుర్రాడు మంచివాడు. కాగితాలు చూసి, ప్లానులో వెంటిలేటర్లను పైకి జరిపి, బాత్రూముల ముందు అడ్డుగోడ ఒకటి గీశాడు.

ఇక నీళ్ల సంగతి. మాది పశ్చిమ ప్రకాశం, కనిగిరి వైపు. ఫ్లోరైడు అంటే మా దగ్గర ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మా అత్తగారి తరంలో ముప్పై ఏళ్లకే నడుం వంగినవాళ్లను చూశాం, పిల్లల పళ్ల మీద పసుపు గార ఇప్పటికీ చూస్తున్నాం. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట రాసిపెట్టింది 1937లో, అదీ ఈ ప్రాంతంలోనే. అప్పుడిది మద్రాసు ప్రెసిడెన్సీ కింద నెల్లూరు జిల్లా. బడి బోరు నీళ్లను పరీక్షకు పంపిస్తే లీటరుకు రెండు మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడు ఉందని వచ్చింది. ఒకటి లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు. మీటింగులో ఒక తండ్రి "కాచి చల్లార్చి పోద్దాం" అన్నాడు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ మాట సైన్సు సారు స్టవ్వు మీద ఉప్పునీళ్లు మరిగించి గిన్నె అడుగున మిగిలిన తెల్లటి పొర చూపించి చెప్పారు. ఉపన్యాసం కంటే ఆ గిన్నె బాగా పని చేసింది.

అందుకని రెండు లైన్లు పెట్టుకున్నాం. బోరు నీళ్లు నేరుగా ఒక ట్యాంకుకు, అవి బాత్రూములకు, చేతులు కడుక్కోవడానికి. తాగడానికి నాడు–నేడు కింద ఇచ్చిన, నీళ్లలోని లవణాలను వడకట్టే ఆర్వో ప్లాంటు, దానికి విడిగా చిన్న ట్యాంకు. ఆర్వో నుంచి ఒక బిందె మంచినీళ్లు వస్తే దానికంటే ఎక్కువే వేస్టు నీళ్లు బయటికి పోతాయి. వాటిలో ఫ్లోరైడు మరీ ఎక్కువ, గేదెలకు కూడా పెట్టకూడదు. వాటిని కాలవలోకి వదలకుండా ఫ్లష్ ట్యాంకుకు మళ్లించాం.

మేస్త్రితో ఒక గొడవ పడాల్సొచ్చింది. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంట బోరుకు దగ్గర్లో తవ్వేస్తే పైపు ఖర్చు తగ్గుతుందని ముగ్గు కూడా పోసేశాడు. పొద్దున్నే వెళ్లి చూశాను. పదడుగులు కూడా లేదు. కనీసం యాభై అడుగులు ఉండాలని ఇంజినీరింగ్ అసిస్టెంటు చెప్పింది గుర్తుంది. "ఇంటి దగ్గర అందరూ ఇట్టాగే కడతారమ్మా" అన్నాడు మేస్త్రి. నిజమే, అందరూ అట్టాగే కడుతున్నారు. అందుకే బోరు నీళ్లు చెడుతున్నాయి. మా ఛైర్మను అన్నను పిలిపించి, టేపు పట్టించి, ముగ్గు చెరిపించి, గ్రౌండు అవతలి మూలకు మార్పించాం. రాతి నేల కాబట్టి జేసీబీకి అదనంగా అయింది. ఆ డబ్బు ఊళ్లో నలుగురు రైతులు వేసుకున్నారు.

గోడలు లేచేసరికి మార్చి వచ్చింది, లాక్‌డౌను పడింది. మేస్త్రులు వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారు. వచ్చిన సిమెంటు గడ్డకట్టకుండా ఒక తరగతి గదిలో చెక్కల మీద పేర్చి, పరదా కప్పి, రోజు మార్చి రోజు వెళ్లి చూసుకునేవాళ్లం. జూన్ నుంచి మళ్లీ పని నడిచింది. ఆ ఎండల్లో కమిటీ వాళ్లే వంతులవారీగా గోడలు తడిపారు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. మా అమ్మాయి అప్పుడు తొమ్మిది.

తెరిచిన మూడో రోజే పిల్లలు వచ్చి చెప్పారు, తాగే నీళ్లు ఉప్పగా ఉన్నాయని. నేను వెళ్లి నోట్లో పోసుకుంటే బోరు నీళ్లే. ప్లంబరు ట్యాంకుల దగ్గర ఒకే వాల్వు పెట్టి రెండు లైన్లనూ కలిపేశాడు. ఆర్వో ట్యాంకు ఖాళీ అయినప్పుడు తాగే కుళాయిల్లోకి బోరు నీళ్లు దిగుతున్నాయి. ఏడాది కష్టపడింది ఫ్లోరైడు నీళ్లు తాగించడానికా అని కడుపు రగిలిపోయింది. మా పిల్లలు ఉప్పు పసిగట్టారు కాబట్టి సరిపోయింది. బోరు చప్పటి నీళ్లయి ఉంటే ఏళ్లు గడిచినా ఎవరికీ తెలిసేది కాదు, ఫ్లోరైడుకు రుచీ వాసనా ఉండవు. ఆ రోజే పైపు కోయించి రెండు లైన్లనూ పూర్తిగా విడదీయించాం. తాగే లైను మొత్తానికి నీలం రంగు, బోరు లైనుకు ఎర్ర రంగు మా ఎదురుగానే వేయించాం. ఏ బడిలోనైనా ఈ పని చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ రంగుల గురించే. టీడీఎస్ మీటరు అంకె చూసి ధైర్యపడొద్దని కూడా చెబుతాను. అది నీళ్లలో కరిగిన మొత్తం లవణాలెంతో చూపిస్తుంది, ఫ్లోరైడు ఎంతో, క్రిములున్నాయో లేదో చెప్పదు. వాటికి ల్యాబు పరీక్ష చేయించాల్సిందే.

చేతులు కడుక్కునే చోటు మాకు బాగా కుదిరింది. మధ్యాహ్నం భోజనం గంట కొడితే రెండు వందల డెబ్బై మంది ఒక్కసారి వస్తారు. నాలుగు కుళాయిలుంటే సగం మంది కడుక్కోకుండానే కంచం పడతారు. పొడుగాటి పీవీసీ పైపును నడుమెత్తు గోడకు బిగించి, జానెడు దూరంలో ఒక్కో చిల్లు వేయించాం. చివర ఒకే వాల్వు. తిప్పితే ఇరవై సన్నటి ధారలు ఒక్కసారి పడతాయి, నీళ్లూ తక్కువే ఖర్చవుతాయి. సబ్బులు మాత్రం రోజూ మాయమయ్యేవి. ఉల్లిపాయలొచ్చే వల సంచి ముక్కలో సబ్బు వేసి, ముడేసి, పైపుకు వేలాడదీశాం. సంచితో సహా చేతుల్లో రుద్దుకుంటే నురగ వస్తుంది, సబ్బు జారి కింద పడదు, జేబులో పట్టదు. ఆ సంచులు మా గ్రూపు ఆడవాళ్లే కుట్టి ఇచ్చారు.

అసలు కష్టం కట్టడం అయిపోయాక మొదలైంది. ఎవరు కడగాలి?

ప్రభుత్వం బాత్రూములకు ఆయమ్మను పెట్టుకోమని, నెలకు ఆరు వేలు ఇస్తామని చెప్పింది. మీటింగులో ఆ మాట రాగానే కొందరి చూపు ఊరి చివర కాలనీ వైపు తిరిగింది. ఈ పని ఫలానా కులం వాళ్లే చేయాలి అని ఎవరూ పైకి అనలేదు, అందరి మనసులోనూ అదే. నాకది భరించరానిదిగా అనిపించింది. మన పిల్లలు వెళ్లే చోటును కడగడం అంత తక్కువ పనైతే, మరి మనింట్లో కడిగేదెవరు? కమిటీ ఆడవాళ్లం ఐదుగురం చీపుర్లు, బ్రష్షులు తీసుకుని మొదటి రెండు శనివారాలు మేమే కడిగాం. పిల్లల చేత కడిగించకూడదని తీర్మానం రాసుకున్నాం. ఆయమ్మగా చివరికి వచ్చింది కాలనీ ఆవిడే, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి. ఆమెకు చేతి తొడుగులు, గమ్ బూట్లు ఇచ్చాకే పని మొదలుపెట్టమన్నాం. యాసిడ్, బ్లీచింగు ఎప్పుడూ కలపొద్దని, కలిస్తే విషవాయువు వస్తుందని ఆమె చేతే రెండుసార్లు చెప్పించుకున్నాం. మీటింగులో ఆమెకు కుర్చీ వేయించాను. మొదటి రోజు కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. "రా వదినా, బాత్రూముల లెక్క చెప్పాల్సింది నువ్వే కదా" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆమె లేకుండా మా మీటింగు మొదలుకాదు.

ఆమె జీతం కొన్నిసార్లు మూడేసి నెలలు పడేది కాదు. ఎక్కడ ఆగిందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పేవారు. పిల్లలను పెట్టుకుని ఆరు వేలే ఆధారమైన మనిషిని ఉట్టి చేతులతో ఎట్టా పని చేయమంటాం? మా గ్రూపు నుంచి వడ్డీ లేకుండా ఇచ్చి, జీతం పడ్డాక జమ చేసుకునేవాళ్లం. బాత్రూములు బాగుండాలని కోరుకునే ఎవరైనా ముందు కడిగే మనిషి కడుపు గురించి ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

2021 జనవరిలో, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వమిచ్చే అమ్మ ఒడి డబ్బు పడ్డప్పుడు పదిహేను వేలకు పద్నాలుగు వేలే వచ్చాయి. మిగతా వెయ్యి బాత్రూముల నిర్వహణ నిధికి జమ చేశారు. ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఎనిమిది మంది ఆడవాళ్లు. "ఏందక్కా, మా వెయ్యి కోయడానికి మీరెవరు?" అని నిలదీశారు. వాళ్ల కోపంలో న్యాయం లేదనను. మాకు వెయ్యి రూపాయలంటే నాలుగైదు రోజుల కూలి. నేను సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు. "రేపు పొద్దున బడికి రండి, మీ వెయ్యి ఎక్కడుందో చూసుకోండి" అన్నాను. వచ్చారు. ఆయమ్మ గది గది తెరిచి చూపించింది. ఒకావిడ గడియ వేసి తీసి చూసింది. ఇంకొకావిడ ఫ్లష్ నొక్కింది, నీళ్లు సరిగా రాలేదు. "మా డబ్బు తీసుకున్నారు, ఇది పని చేయదేంది?" అని హెడ్‌మాస్టరు గారినే అడిగేసింది. ఆ మధ్యాహ్నానికి ప్లంబరు వచ్చాడు.

మా బడి బాత్రూములు నిలబడ్డది ఆ రోజు నుంచే. ప్రభుత్వం కట్టింది అన్నంతకాలం పాడైతే ప్రభుత్వమే చూసుకుంటుందిలే అనుకున్నారు. తన వెయ్యి అందులో ఉందన్నాక ప్రతి తల్లీ వచ్చి తలుపు తోసి చూసే హక్కు తనకుందనుకుంది. బడి దారిన పొలం వెళ్లే ఆడవాళ్లు కూడా ఆగి ఒకసారి తొంగి చూసి పోయేవాళ్లు. అప్పట్లో రోజూ ప్రభుత్వం యాప్‌లో బాత్రూముల ఫొటోలు ఆయమ్మ ఎక్కించేది, అదీ అవసరమే. కానీ శుభ్రంగా ఉన్న గదిని ఫొటో తీసి, పాడైన గదికి తాళం వేస్తే యాప్‌కు తెలియదు. తాళం ఎందుకుందని అడిగేది తల్లే.

నిధి ఎంత ఉన్నా తిప్పలు తప్పలేదు. మోటారు రెండుసార్లు కాలిపోయింది. మొదటి ఏడాది ఎండాకాలం సెలవుల్లో సాయంత్రాలు ఎవరో లోపలికి దూరి కుళాయిలు విరగ్గొట్టారు, ఒక బేసిన్ పగిలింది. ప్రహరీ పూర్తయ్యాక అది తగ్గింది. ఇప్పుడు జూన్ 12న బడి తెరుస్తారనగా మూడు రోజుల ముందే వెళ్లి ట్యాంకులు కడిగించి, పైపుల్లో నిలవ ఉన్న నీళ్లు వదిలేసి, ప్రతి కుళాయీ తిప్పి చూస్తాం. బోరు ట్యాంకుకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగు, అంటే సుమారు అర చెంచా, వేరే మగ్గులో కలిపి, తేటను మాత్రం పోసి, గంట ఆగి వదులుతాం. ఆర్వో ట్యాంకు సంగతి ఇంకా జాగ్రత్త. ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి త్వరగా పాచి పడుతుంది, వారానికోసారి కడగాల్సిందే.

2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' కింద ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలైంది. చాలా మంచి పని. కానీ రెండు నెలలకే మా పైపు పూడుకుపోయింది. మేస్త్రి కర్ర పెట్టి తీస్తే ప్యాడ్లు. మూత డబ్బాలు పెట్టాం గదా, ఎందుకిట్టా అయింది? పిల్లలను తిట్టకుండా అడిగితే తెలిసింది. డబ్బాలు అప్పటికే నిండిపోయి మూత పడటం లేదు. వారానికోసారి తీయమని మేమే చెప్పాం, అది మా తప్పు. రోజూ తీయడం మొదలుపెట్టాం, గదిలో పాత పేపరు ముక్కలు పెట్టాం, చుట్టి వేయడానికి. ఆ తర్వాత పైపు పూడింది లేదు. ఆ పెన్సిలు కాగితం రాసిన పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె అడగకపోతే ఆ డబ్బాలే ఉండేవి కావు.

కేరళ బళ్లలో 2019లో మొదలైన నీళ్ల గంట సంగతి విని మా బడిలోనూ కొట్టించాం. గంట కొట్టినప్పుడు అందరూ సీసా తీసి తాగాలి. మొదటి వారం ఒక రోజు కిటికీ పక్కన నిలబడి చూశాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు సీసాలెత్తి, ఒకరినొకరు చూసుకుంటూ గటగటా తాగుతున్నారు. మా అమ్మాయి నన్ను చూసి, ఖాళీ సీసా తలకిందులు చేసి చూపించింది. కళ్లు తుడుచుకుని మిషను దగ్గరికి వెళ్లిపోయాను.

అమ్మాయి 2022లో పదో తరగతి పూర్తి చేసింది. మా అబ్బాయి అంతకుముందు ఏడాదే ఆరులో చేరాడు కాబట్టి నేను కమిటీలోనే ఉన్నాను. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు 8న మళ్లీ కమిటీ ఎన్నికలు జరిగాయి. ఈసారి నేను నిలబడలేదు. ఆరో తరగతిలో కూతుర్ని చేర్పించిన ఒక చిన్నమ్మాయి ఉంది, ఇరవై తొమ్మిదేళ్లు, ఉపాధి పనికి వెళ్తుంది, ఎవరినైనా సూటిగా అడుగుతుంది. ఆమెను నిలబెట్టాం, గెలిచింది.

మర్నాడు ఆమెను బడి వెనక్కు తీసుకెళ్లాను. నీలం పైపు, ఎర్ర పైపు ఎక్కడెక్కడ పోతాయో చూపించాను. సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో, మనుషులను దింపకుండా మిషను బండి పిలిపించి తీయించాలని చెప్పాను. నా నోటు పుస్తకం ఇచ్చాను. ప్లంబరు, మోటారు మెకానిక్కు నంబర్లు, ట్యాంకు కడిగిన తేదీలు, ఆయమ్మకు జీతం పడ్డ తేదీలు, పడని నెలలు, నీళ్ల పరీక్ష రిపోర్టులు అన్నీ అందులో ఉన్నాయి. ఆమె పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "అక్కా, మూడో గదిలో చిలక్కొయ్య ఊడిందని రాసుంది, పెట్టించారా?" అని అడిగింది. లేదన్నాను. అప్పుడే వెళ్లి చూసి, సాయంత్రం మేకులు, సుత్తి ఇంటి నుంచి తెచ్చి తనే కొట్టింది.